నాలుగు మరలు

షార్జా, సజ్జా స్క్రాప్ యార్డు.
జూలై. పొద్దున ఎనిమిదికే రేకులు ముట్టనియ్యవు.

ఈ వారం వచ్చినవన్నీ నీళ్ల కూలర్లు,
తెల్లగా, మొన్న పెళ్లికి కొన్నట్టు.
పాడైంది లోపల వేలెడంత ఫ్యాను.
కానీ మర లేదు, మూత లేదు,
అతుకు కూడా కనబడదు.
చుట్టూ జిగురు పోసి మూసేశాడెవడో.
సుత్తె తప్ప దారి లేదు.
పగిలిన ముక్కలు గాలికి లేచి
కంచె దాటి ఇసుకలోకి పోతాయి.
నా మనవడి మనవడు వచ్చినా
వాటిని అక్కడే ఏరుకోవచ్చు.

సాయంత్రం మొఫిజుల్
కుప్ప అడుగు నుంచి లాగాడు
ఒక పాత టేబుల్ ఫ్యాను.
రెక్కకు సొట్ట, కంపెనీ పేరు చెరిగిపోయింది.
వెనక్కి తిప్పితే నాలుగు మరలు,
నాలుగూ ఒకే కొలత.
విప్పాక మూత ఎటు తిప్పాలో
దుమ్ము కింద చిన్న బాణం, పోతలోనే.

ఎవరికి చెప్పాడా మాట?
కొన్నవాడు వెనక్కి తిప్పి చూడడు.
అమ్మినవాడు అసలే చూడడు.
ఎక్కడో బల్ల ముందు గీస్తూ గీస్తూ
ముప్పయ్యేళ్ల అవతల
చెమట కారే చెయ్యొకటి దీన్ని విప్పుతుందని
తట్టినట్టుంది అతనికి.
ఇదిగో, ఆ చెయ్యి.

రాగి ఒకవైపు, ఇనుము ఒకవైపు
కుప్ప పోయాలి నేను.
పోయలేదు.
ఫోర్‌మన్ చూడకుండా
బేరింగులో రెండు చుక్కల నూనె వేశాను.

క్యాంపు గదిలో ఎనిమిది మందిమి.
ఏసీ పోయిన రాత్రి అదే దిక్కు.
కటకటమంటుంది,
పై మంచం రాజమల్లుకు చిరాకు.
మళ్లీ విప్పాలి.
విప్పొచ్చు.