పడుగంత వీధి

మా వీధి పొడవెంతని అడిగారు
టేపు పట్టుకొచ్చిన సర్వే కుర్రాళ్లు.
పడుగంత, అన్నాను.
రాసుకోలేదు.

బరంపురంలో, పెద్దబజారు వెనక,
ఈ కొస కొయ్య నుంచి ఆ కొస కొయ్య దాకా
తెల్లారకముందే పట్టునూలు చాచి
గంజి పెట్టి, కుంచెతో దువ్వి
ఎండ ముదిరేలోగా చుట్టేసేవారు.
ఆ కాసేపూ రిక్షావాడు గంట కొట్టడు. ఆగుతాడు.
వీధిని కొలిచింది ఏ ఆఫీసూ కాదు,
మా తాత కూర్మయ్య నడక.

గుమ్మంలో నిలబడితే
నడవ, మగ్గం గుంట, వంటిల్లు, పెరటి నుయ్యి
సూది బెజ్జంలోంచి చూసినట్టు ఒకే వరసన.
నాలుగయ్యేసరికి గోపాల్‌పూర్ గాలి
చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చి
నుయ్యి దగ్గర కాళ్లు కడుక్కుని పోయేది.

ఇప్పుడు దానికడ్డంగా
నీలం అద్దాల అయిదంతస్తులు.
లోపల ఎవరికో చలి.
వాళ్ల ఏసీలు వదిలిన ఊపిరి మాకు.
పడమటెండ ఆ అద్దాలకి కొట్టుకుని
గున్నమ్మ పిన్ని గోడ మీద
పొద్దు రెండోసారి కుంగుతుంది.
ఆవిడ ఆ వేడికే వడియాలు పెట్టుకుంటోంది,
"పోన్లే, దేనికో దానికి పనికొచ్చింది" అని.

రోడ్డు మాత్రం పెరుగుతోంది,
ఎన్నికకో పొర.
మా తాత మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాడు.
నేను రెండు మెట్లు దిగుతాను.
నాతోపాటు వానా దిగుతుంది.
మొన్న మగ్గం గుంటలో అక్క మనవడు
కాగితం పడవ వదిలాడు.
అది నా పాత నక్షా కాగితమే.

అవును, ఇంక దాచి ఏం లాభం,
ముప్పై ఒక్కేళ్లు మున్సిపాలిటీలో నక్షాలు గీశాను.
బస్టాండుకి గీసిందే ఆస్పత్రికి పెట్టాం,
ఆస్పత్రిదే కాస్త తిప్పి కల్యాణ మండపానికి.
కిటికీ ఎటు చూడాలని ఎవరూ అడగలేదు.
ఒక్కసారి, గొంతు తగ్గించి,
"సార్, గాలి ఆగ్నేయం నుంచి కదా" అన్నాను.
పాణిగ్రాహి బాబు పెన్నుకి మూత పెట్టి
"గాలికి ఫైలుందా?" అన్నాడు.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, అదీ చెప్పాలి.
ఆ నీలం మేడ కాగితం మీద
కుడి మూల, చీమ తలకాయలంత అక్షరాల్లో
గీసినవారు అన్నచోట నా పేరే.

మా అమ్మ కుంభాల అంచు నేసేది.
ఒక్క పోగు తప్పితే
పొద్దుగూకేదాకా విప్పేది,
అన్నం తినకుండా, ఎవర్నీ తిట్టకుండా.
ఇంత ఊరు విప్పాలంటే
ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలీదు.
తిట్టడం ఒక్కటే వచ్చు.

నిన్న కుర్రాళ్లు మళ్లీ వచ్చారు.
వీధి వెడల్పు చేస్తారట.
అరుగులన్నిటికీ ఎర్రగీత కొట్టారు.
మా అరుగు కొసన పడుగు కొయ్య ఇంకా ఉంది,
చేతుల నూనె పీల్చి నల్లబడి.
"ఇదేంటి తాతా?" అన్నాడొకడు.
కొలబద్ద, అన్నాను.
వాడు టేపు కొక్కెం దానికే తగిలించి
ఆ కొస దాకా నడిచాడు,
మధ్యలో ఏదో ఉన్నట్టు
కాస్త పక్కకి తప్పుకుంటూ.