పూత

బోడసకుర్రులో పెమ్మాడి గంగన్న
లారీ చక్రాల సీసం కరిగిస్తాడు.
మైనం ముక్క వేస్తే భగ్గుమంటుంది,
తెట్టు తేలుతుంది, గరిటెతో తీస్తాడు.

ఈ అచ్చు నాన్నది.
మడలో బాతుల వేటకొచ్చే దొరలకి
గుళ్ళు పోసి, తేనెమైనం పూసి ఇచ్చేవాడు,
గొట్టానికి సీసం అంటకుండా.

గుండు అదే. నడుమ గాటొక్కటే కొత్త.
ఇప్పుడది వల అంచున మునగాలి.
పచ్చరంగు పొడిలో పొర్లించి
రేకుపొయ్యిలో కాలుస్తాడు.
చల్లారాక సుత్తితో కొట్టి చూస్తాడు:
నొక్కుకుపోయింది, రంగు మాత్రం రాలలేదు.
నవ్వుకుంటాడు.

"చేతులు కడుక్కున్నావా?"
లోపల్నుంచి ధనమ్మ.

ఊఁ అంటాడు, లుంగీకి తుడుచుకుని.

కంచంలో తెల్లటి ముద్ద మీద
నాలుగు వేళ్ళ గుర్తులు,
బూడిదరంగులో.