గుర్తు

రాయగడలో మా రేవుకి
మూడు బండలు, ఒక బాన, నాను.
ఇంటికో గుర్తు పెట్టినాడు మా మావ.
నల్లజీడి రసంతో సీర మూల రెండు సుక్కలుంటే
కాంపౌండరు గారిది,
గీత కింద సుక్క టేసను మేస్త్రిది,
కాకికాలు పాత్రో గారింటిది.
అచ్చరమ్ముక్క రాదు నాకు,
ఊరినంతా మడతెట్టి సదివేస్తాను.

మాగమాసం కాడి నుంచి
ఏరు తెల్లగుడ్డకి పసుపు పట్టిస్తన్నాది.
సౌడేసినాను, ఉడకేసినాను,
నీలిమందు రెండు సెంచాలు ఎక్కువే ఏసినాను.
పోదే!
పాత్రో గారి పెల్లాం పంచె నా మొకాన్నే ఇసిరి
తెలుగోల్లకి ఉతకడం కూడా మర్సిపోనాదా అన్నాది ఒరియాలో.
నాకు ఒరియా బాగా వొచ్చు,
అదే నా కర్మ.

కాల్లకి నీల్లు తగిలినంత మేర
గీత గీసినట్టు దురద.
గంజి వోసనకి కాల్ల సుట్టూ మూగే పిత్తపరిగిలు
ఈ ఏడు ఒక్కటీ రాలేదు.

మరక ఎక్కడ పుట్టినాదో అక్కడి నుంచి రుద్దాల కదా.
మూట బండ మీదెట్టి
ఏటి ఎగువకి నడిసినాను.
అట్టల మిల్లు గొట్టం కాడ బెల్లప్పాకం రంగు నురగ.
ఇదే అనుకున్నాను.
కొంచెం పైకెల్తే ఆస్పటలు కాలవ,
దూదీ, సూదులూ.
ఇదేనేమో.
ఆ పైన బస్టాండు మురుగు,
దసరాకి ముంచిన దుర్గమ్మ సెయ్యి ఒకటి,
రంగు ఇంకా కారతా.
ఇంకా పైన, కొండని తవ్విన ఎర్రబురద.
నీటికి మూలలుండవు,
ఎవుల గుర్తని ఎతుకుతాను?

తిరిగొచ్చినాను.
మా బండ కాడే
బ్లీచింగు డబ్బా బోర్లించి ఉన్నాది.
నాదే.
కొడుకు డిల్లేసు మిల్లు సొక్కా మీద గ్రీజు పోవాలని
నానే కొన్నాను, నానే ఒంపినాను.
ఆడి జీతంతోనే.

రాత్రి తోటపల్లి నుంచి సెల్లి ఫోను సేసినాది.
అదీ ఈ ఏట్లోనే ఉతుకుతాది,
నా బండ దాటిన నీల్లు
టికెట్టు లేకుండా సరిహద్దు దాటి
దాని బాన్లోకే ఎల్తాయి.
"అప్పా, నీల్లు అదోలా ఉన్నాయి.
మీ కాడ ఏటైనా కలిసినాదేటి?"

లేదే, అసిరితల్లీ, అన్నాను.

నల్లజీడి ఏలికంటితే
మూడు వారాలు పోదు.
ఆ ఏలు కొంగులో సుట్టుకుని
మాటాడినాను,
ఫోన్లో అదేటి కనిపిస్తాదా