గోలు, గోల

శనివారాలు చావులు తీస్తాను నేను.
సెకొండిలో చావంటే చిన్న పనేం కాదు:
నల్లబట్ట, ఎర్రబట్ట, అద్దె కుర్చీలు, మూడు స్పీకర్లు.
ఏడుపుకి దగ్గరగా కెమెరా,
మరీ దగ్గరగా కాదు.

ఆదివారాలు బంతాట తీస్తాను.
అమెరికా కాలేజీల కోచ్‌లకి చూపించడానికి
తలకి మూడు నిమిషాలు.
అంతకు మించి చూడరట.
మొదటి ఇరవై సెకన్లలో కన్ను నిలవకపోతే
వాన వస్తే కిటికీ మూసినట్టు మూసేస్తారట.

ఫార్వర్డ్ పిల్లలతో పేచీ లేదు.
గోలు కొట్టాడా, కత్తిరించు, అతికించు,
తల చుట్టూ ఎర్ర సున్నా, కాలి కింద పసుపు బాణం,
వెనక డప్పులు.
నలభై సెడీలు చేతిలో పెట్టి
అప్పుడే విమానమెక్కినట్టు నడిచిపోతారు.

అరబా ఎసుమన్ డిఫెండర్.
తెల్లారకముందే చేపల రేవులో మంచుదిమ్మలు మోసి
తిమ్మిరెక్కిన వేళ్లతోనే మైదానానికొస్తుంది.
ఆరు మ్యాచ్‌లు తీశాను.
కొట్లో కూర్చుని చూద్దును కదా,
తొమ్మిది గంటల ఫుటేజీలో
ఆమె ఉన్న వైపు బంతి
వచ్చింది నాలుగంటే నాలుగుసార్లు.

"కాస్త పరిగెత్తకూడదూ?
ఒక్కసారైనా కిందపడు, ఎర్రమట్టి అంటుకుంటే
తెరమీద బాగుంటుంది" అన్నాను.
నవ్వింది.
"పడ్డానంటే ఆలస్యమైనట్టే కదా, ఎబో."

జరగని దాన్ని ఎక్కడ కత్తిరించను?
పడని పిడుగు చుట్టూ
ఎర్ర సున్నా ఎలా గీయను?

ఆ నాలుగు ముక్కలే సాగదీసి, నెమ్మదిగా నడిపించి
మూడు నిమిషాలు చేశాను.
హర్మటాన్ గాలి మైకుని గోళ్లతో గీరుతుంటే
శబ్దమంతా చెరిపేసి డప్పులు పోశాను.
అర్ధరాత్రి దాటాక డేటా చవక.
అప్‌లోడ్ గీత బెల్లం దొరకని చీమలా పాకుతుంటే
అరబా నా బల్లమీదే తలవాల్చి నిద్రపోయింది.

నలభై రెండు కాలేజీలు.
ముప్పై ఆరు మౌనాలు.
నాలుగు అచ్చుపోసిన కృతజ్ఞతలు, ఒకదాంట్లో ఆమె పేరు కూడా తప్పు.
ఒకాయన: గోల్స్ ఉంటే పంపండి.

మిగిలింది నెబ్రాస్కా, మొక్కజొన్న చేల నడుమ ఏదో చిన్న కాలేజీ.
ఆ కోచమ్మ రాసింది:
"రెండో నిమిషం పదకొండో సెకను దగ్గర
ఆమె నోరు తెరిచి ఉంది.
బంతి ఇంకా అవతలి సగంలోనే ఉంది.
ఏమంటోంది?
ఆ డప్పులు తీసి పంపగలరా?"

చెవులు వేడెక్కాయి నాకు.
చావుల్లోనూ ఇదే నా అలవాటు,
ఏడుపు తీసేసి స్తోత్రం పెట్టడం.

అసలు కార్డు వెతికి పెట్టాను.
గాలి. గాలి వెనక ఇంకో గాలి.
దాని అడుగున, ఇసుకలో నాణెంలా,
"ఎఫువా, ఎడమ! ఇంకా ఎడమ!
మన్సా, వదిలెయ్, అది నాది.
అడ్జోవా, వీపు వెనక మనిషి!
ఆగు... ఆగు... ఇప్పుడు!"
తొంభై నిమిషాలూ అంతే.
పదిమంది కాళ్లలో ఒకే గొంతు తిరుగుతోంది.
ఆవలి జట్టు పిల్ల తల ఎత్తి చూసిన ప్రతిసారీ
దారి అప్పటికే మూసుకుపోయి ఉంది.

గోలు కోసం వెతుకుతూ
గోలనంతా చెరిపేశాను.

మ్యాచ్ మొత్తం పంపాం, గాలితో సహా.
ఆమె జవాబు వచ్చింది: ఫీజులో అరవై శాతం.
మిగతా నలభై, పరీక్ష రుసుము, వీసా,
మంచు కంపెనీ రసీదు వెనక
అరబా పెన్సిలుతో కూడుతూనే ఉంది.
ఆ లెక్క ఇంకా తేలలేదు.

మొన్న శనివారం ఒక పడవ యజమాని చావు.
శవపేటిక దించుతుండగా
కుర్చీలు రెండు తక్కువయ్యాయని
అద్దెకిచ్చినవాడితో పెద్ద కోడలు తగువు.
అది కూడా ఉంచేశాను.