తామర

ఇస్కపల్లి ఉప్పుకాలవ పాటు మీదుంది.
పీతల బుట్ట నడుముకు కట్టుకొని
మోకాటి బురదలో కన్నెమ్మ
మడ ఆకును వెలుగుకెత్తి చూసింది.
దోమకాటంత మచ్చ. మొన్న లేదు.

"మానుకు తామర పట్టిందబ్బయా,
నా కాలేళ్ళ సందున ఉండేదే."

సీసాల్లో బురద నింపుకుంటున్న కుర్రాడు
నవ్వి, భూతద్దం చేతికిచ్చాడు.
రాలి నానిన ఆకు మీద తెల్లటి నూలు,
ఎవరో మగ్గం మరిచిపోయినట్టు.
నూలును మేస్తూ పేరు తెలియని పురుగులు,
వాటి వెనకాల రొయ్యపిల్ల,
ఒళ్ళు లేదు, రెండు కళ్ళే.

చాలాసేపు వంగే ఉంది.
"అయితే కూడొండేది గూడా
ఈ మాయదారిదేనా?"

కుర్రాడు సీసా మీద తేదీ రాస్తున్నాడు.
పోటు తగిలింది పిక్కలకు.
వేళ్ళ సందున మళ్ళీ దురద.
గోక్కోబోయి ఆగింది,
ఎవురో కూటికాడ కూర్చున్నారేమోనని.