ఆరో మరమేకు

బ్ర్నోలో, ట్రాము డిపో వెనక షెడ్డులో
పదకొండో రోజు.
పంపు రాత్రంతా పీలుస్తూనే ఉంది,
గేజి మీద అంకె మాత్రం
ఎడ్లు మొరాయించిన బండిలా అక్కడే.

"ఖాళీ చేయడమంటే
కుండ బోర్లించడమనుకుంటారు జనం,"
చేతి తొడుగు లాక్కుంటూ అంటుంది వ్లాస్తా,
"ఉక్కుకి తడి అంటుకుని ఉంటుంది నాయనా,
పొమ్మన్నా పోదు."

అందుకే రెండు రోజులు కాచాం దాన్ని,
వెండి రేకు చుట్టి, హీటరు పట్టీలు కట్టి,
బాలింతకి కాపడం పెట్టినట్టు.
చల్లారాక అంకె కాస్త దిగి
మళ్ళీ భీష్మించుకుంది.

కొత్త రాగి వాషరు వేశాం.
ఒకసారి నలిగింది రెండోసారికి పనికిరాదు.
ఫ్లాంజి అంచున గీత ఉందేమోనని
టార్చి వేసి, నాలుక కరుచుకుని వెతికాం.
లోపల నా వేలిముద్ర ఒకటి దొరికింది.
అప్పుడు వ్లాస్తా చూసిన చూపు
ఇక్కడ రాయను.

తర్వాత హీలియం. పైనుంచి కిందికి.
"కింద మొదలెడితే అది పైకి పాకి
దొర ఇంటిని దొంగ ఇల్లని చూపిస్తుంది."
కీలు కీలుకీ ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఉఫ్.
డిటెక్టరు కిక్కురుమనలేదు.
లీకు ఉంది.
చిల్లి లేదు.

వ్లాస్తా చల్లారిన సూపు తాగింది చాలాసేపు.
"బయటి నుంచి రాకపోతే
ఇంటిదొంగే."

మర్నాడు విప్పాం.
నమూనా బల్ల కింద ఆరు మరమేకులు.
ఐదింటికి నడుమ సన్నటి బెజ్జం, గాలి పోయే దారి.
ఆరోది మామూలు బజారు సరుకు.
దాని మొన కింద, గుడ్డి గుంటలో,
బియ్యపు గింజలో సగమంత గాలి,
మరచుట్ల వెంట తిరుగుతూ, జారుతూ
అణువు తర్వాత అణువు
ఇన్నాళ్ళుగా బయటికి నడుస్తోంది.

అది బిగించిన రోజు తొలి మంచు పడింది,
షెడ్డు తలుపు తెరిచే ఉంది.
పక్క కొట్టు రొట్టెల ఆవిరి, రదోవన్ సిగరెట్టు,
ఎవరిదో తుమ్ము,
అన్నీ అందులోనే.

రదోవన్ వచ్చాడు, మేకుని అరచేతిలో దొర్లించాడు.
"గట్టిగానే బిగించానే!"
"అదేగా," అంది వ్లాస్తా.

సాయంత్రానికి అంకె దిగడం మొదలైంది.
ఎవరమూ చప్పట్లు కొట్టలేదు,
దిగే అంకెని చూస్తే దిష్టి తగులుతుందేమో అన్నట్టు
తలా ఓ పక్క చూశాం.

ట్రాము కోసం నిలబడి
జేబులోని ఆరో మేకుని ముక్కు దగ్గర పెట్టుకున్నా.
స్పిరిటు వాసన.