చల్లారే నిమిషం

నేను పళ్ళు కట్టేదాన్ని.
కయానీ ఊళ్ళో, దంతవైద్యుడి వెనకగదిలో,
మైనం మీదా పింగాణీ మీదా
వెంట్రుకలో పదోవంతు తేడా పట్టుకోవడం నా కూలి.
అందుకే టర్బో ఇరుసును రెండు వేళ్ళతో ఊపి చూసినప్పుడు
ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది:
పక్కలకి కాస్త ఆడితే పర్వాలేదు,
ముందుకీ వెనక్కీ ఆడితే
అది ఊడే పన్నే.

సాబ్ బండి. నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.
కన్న కంపెనీ ఎప్పుడో మూతబడింది.
విడిభాగం కావాలంటే ఇప్పుడు
ఇంకో చచ్చిన బండి ఒళ్ళోంచి తియ్యాలి,
బోల్టు విరగకుండా
దాన్ని కాసేపు బతిమాలాలి.

బండితో పాటు ఒక నోటుపుస్తకం ఇచ్చాడు ఊర్హో కర్పినెన్,
పశువుల డాక్టరు, కుడి చెవి ఎప్పుడో పోయింది.
నీలం పెన్సిలు. పొడిపొడి మాటలు.
"2,12,400. నూనె మార్చాను. మైనస్ ముప్పై ఒకటి. బండి లేచింది, నేను లేవలేదు."
"2,60,050. గొట్టం చీలింది. దూడ బతికింది."
"3,08,000. బూస్టు పెంచాను. ఐలికి తెలీదు."
దాని కిందే, వేరే చేతిరాత, పెన్నుతో:
"తెలుసు."

నేనూ పెంచాను. ఒప్పుకుంటున్నా.
పెద్ద ఇంటర్‌కూలరు, మూడంగుళాల పొగగొట్టం.
యెరె అనే కుర్రాడు లాప్‌టాప్ తెచ్చి
ఇంజను బుర్రలోకి కొత్త బుద్ధి ఎక్కించాడు.
సోత్కమో దారిలో, మూడో గేరులో, కాలు నొక్కితే
ముందొక లిప్తసేపు ఏమీ లేదు.
ఎవరో ఊపిరి పీల్చుకుంటున్న నిశ్శబ్దం.
తర్వాత అడవి అడవంతా
తోక తొక్కినట్టు వెనక్కి పరిగెత్తింది.
యాభై నాలుగేళ్ళ దాన్ని, కేక పెట్టాను.
రెండు వారాలు ఆ నవ్వు మొహం దిగలేదు.

మూడో వారం క్లచ్ జారింది.
నాలుగో వారం నూనె దీపం
ఒక మలుపులో కన్నుకొట్టి ఊరుకుంది.

సంపు దించాను. గ్యారేజీ నేల చలి
అట్టముక్కని దాటి నడుములోకి దిగుతోంది.
నోళ్ళలోకి చూసే బుల్లి అద్దం క్లినిక్కులోంచి తెచ్చి
ఇంజను చీకట్లోకి పెడితే
నూనె పీల్చే జల్లెడ నిండా నల్లటి చెక్కు,
కాఫీ మడ్డిలా,
ఏళ్ళ తరబడి తోముకోని దవడలా.
కొక్కెంతో గీకాను. గీకుతూ తిట్టాను,
ఊర్హోని కాదు, యెరెని కాదు,
కొత్త కోరికకి డబ్బుండి
పాత జల్లెడకి తీరిక లేనిదాన్ని.

బూస్టు తగ్గించమంటే యెరె చిన్నబుచ్చుకున్నాడు.
"నలభై గుర్రాలు పోతాయి" అన్నాడు,
ఎవరో పోయినట్టు.
"మేతకి పోయాయనుకో" అన్నాను.

ఊర్హో ఫోన్లో అరిచి చెప్పింది ఒక్కటే:
ఇంటికి రాగానే ఆపెయ్యకు.
ఎర్రగా కాలిన ఇరుసు మీద నూనె నిలబడిపోతే
మాడి బొగ్గవుతుంది.
ఒక్క నిమిషం. ఊరికే తిరగనీ.

ఆ నిమిషంలోనే ఐలి కిటికీలోంచి చూసేదట.
ఈ మనిషికి ఇంట్లోకి రావాలని లేదనుకునేదట.
ఎన్నో ఏళ్ళకి అడిగింది. చెప్పాడు.
ఆ తర్వాత్నుంచి కోటేసుకుని బయటికొచ్చి
పక్క సీట్లో కూచునేదట,
ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా.

నిన్న రాత్రి పదకొండుకి పెరట్లో బండి ఆపాను.
ఆపలేదు, నిలిపాను.
బానెట్ మీద మంచు పడీపడగానే నీరు.
లోపలెక్కడో, అంతసేపూ వెర్రిగా తిరిగినదేదో
నెమ్మదిస్తున్న సన్నటి ఈల.
పుస్తకం తీసి రాశాను, నా దగ్గరా నీలం పెన్సిలే:
"4,12,300. జల్లెడ కడిగాను. నలభై గుర్రాలు మేతకి."
తాళం తిప్పబోతే
ఇంకా ఇరవై సెకన్లున్నాయి.